శిలాఫలకం వెనక స్విచ్చి

"ఆ గ్యాస్ బండలు పేలితే పిల్లల గతేం గానండీ?" అన్నాను నేను.

అప్పటికి ఏ బండా పేలలేదు. పేలుతుందని ఎవరూ అనుకోనూ లేదు. గుండ్లసానిపాలెం బాలికల గురుకులంలో తల్లుల కమిటీ సమావేశం జరుగుతోంది. మా ఇందుప్రియ అక్కడే హాస్టల్లో ఉండి ఏడో తరగతి చదువుతోంది. నేను ఊళ్లోనే బట్టలు కుట్టుకుంటూ ఉంటాను. పిలిచిన ప్రతిసారీ వచ్చే తల్లిని నేనొక్కదాన్నే కాబట్టి నన్ను సభ్యురాలిని చేశారు. "ఏమైనా చెప్తారా కోటిరత్నమ్మా?" అని ప్రిన్సిపాల్ సత్యవాణి మేడమ్ అడిగితే, ఊరికే కూర్చుంటే బాగుండదని మనసులో ఉన్న మాట చెప్పాను.

నా మనసులో ఎప్పుడూ అలాంటివే ఉంటాయి. మా ఆయన ఉప్పు ప్యాకెట్టుకని వెళ్లి కాస్త ఆలస్యం చేస్తే చాలు, ఆయన్ని ఏ లారీ గుద్దిందో, ఆ లారీ నంబరు ఎవరైనా చూశారో లేదో అన్నదాకా వెళ్లిపోతాను. ఇంట్లో నా మాట ఎవరూ లెక్కచేయరు. నేను చదివింది కూడా ఏడో తరగతే. పుట్టి బుద్ధెరిగాక నా భయాన్ని శ్రద్ధగా విన్నది ప్రభుత్వం ఒక్కటే.

ఆ రోజు సమావేశానికి డిప్యూటీ డైరెక్టర్ పరంధామయ్య గారు వచ్చారు. అందరూ ఆయన్ని డీడీ గారంటారు. నా మాట వినగానే ఆయన కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నారు.

"ఇది ఒక మాతృమూర్తి ఆవేదన. దీన్ని యథాతథంగా పై అధికారుల దృష్టికి తీసుకువెళతాం" అన్నారు.

పైన 'పొగలేని పాకశాల' అనే పథకమొకటి, అడిగేవాళ్లు లేక అప్పటికే తయారై కూర్చుని ఉందట. నా నోట్లోంచి వచ్చిన మాట అక్కడికి చేరేసరికి ప్రజాభీష్టం అయిపోయింది. గ్యాస్ బండలు తీసుకుపోయారు. వాటి బదులు బీరువా అంత కరెంటు కుక్కర్ వచ్చింది. తలుపు తెరిస్తే లోపల సొరుగుల్లాగా ట్రేలు. బియ్యం, నీళ్లు పోసి మీట నొక్కితే ఆవిరి మీద మూడొందల మంది పిల్లలకి ఒకేసారి అన్నం అవుతుంది. వంటశాల గోడ మీద 'ఇది పొగరహిత ప్రాంగణం' అని పచ్చరంగుతో రాయించారు.

ప్రారంభోత్సవానికి అమాత్యులు వస్తున్నారని శిలాఫలకం చేయించారు. నల్లరాయి, బంగారు అక్షరాలు. పదకొండు పేర్లు. అన్నిటికంటే పైన అమాత్యుల పేరు, అరచేయంత అక్షరాలతో. అన్నిటికంటే కింద, చీమ తలకాయంత అక్షరాలతో నాది.

ఫలకం గుమ్మానికి కుడివైపు, వచ్చేవారి కంటికి ఎదురుగా ఉండాలన్నది ప్రోటోకాల్. వంటశాల గుమ్మానికి కుడివైపు, కంటికి ఎదురుగా అప్పటికే ఇంకొకటి ఉంది. కుక్కర్‌కి కరెంటు వచ్చే స్విచ్చిల పెట్టె. గోడలోకి గుంట తవ్వి కొత్తగా బిగించారు. తాపీ మేస్త్రి పెట్టె వైపు చూశాడు. తర్వాత ఇంజనీరు గారి వైపు చూశాడు. ఇంజనీరు గారు గడియారం వైపు చూశారు. అమాత్యుల కారు ఊరి పొలిమేర దాటిందని ఫోన్ వచ్చింది. రాయి పెట్టె మీదికి ఎక్కింది.

నేను ఊరుకోవచ్చు కదా? "అంత బరువు రాయి ఊడి ఏ పిల్ల మీదైనా పడితే?" అన్నాను.

డీడీ గారు వెంటనే వెనక్కి తిరిగి, "తల్లుల కమిటీ అభ్యంతరాన్ని గమనించారా?" అని ఇంజనీరు గారిని అడిగారు. ఆయన గమనించారు. నాలుగు బోల్టులు ఎనిమిదయ్యాయి. అంచుల చుట్టూ సిమెంటు కూరారు. "ఇంకేం భయం లేదమ్మా. భూకంపం వస్తే బడి పడుద్దేమో గానీ రాయి మాత్రం పడదు" అని మేస్త్రి భరోసా ఇచ్చాడు. ఆ రాత్రి నేను భూకంపం గురించి ఆలోచించాను.

కుక్కర్ మొదటిరోజు పొంగలి వండింది. అమాత్యులు రుచి చూసి, తల ఊపి, వెళ్లిపోయారు. మర్నాడు వంటమనిషి నాగేంద్రమ్మ కుక్కర్ నడుస్తుండగానే పెద్ద గ్రైండర్ కూడా వేసింది. గోడలోంచి 'టప్' మని చప్పుడు వచ్చింది. రాయి వెనక నుంచి వచ్చింది. కుక్కర్ మీద ఎర్ర లైటు ఆరిపోయింది.

కరెంటు ఆఫీసు నుంచి ఏఈ గారు వచ్చారు. కుర్రవాడు, మర్యాదస్తుడు. టెస్టరు పట్టుకుని స్తంభం దగ్గర చూశారు, మీటరు దగ్గర చూశారు, కుక్కర్ ప్లగ్గు ఊడదీసి చూశారు. నాగేంద్రమ్మ చేతులు కట్టుకుని ఆయన వెనకే తిరిగింది.

"స్తంభం దగ్గర సప్లై ఉంది. మీటరు దగ్గర ఉంది. కుక్కర్ దగ్గర లేదు. కాబట్టి అంతరాయం మధ్యలో ఏర్పడినట్టు ప్రాథమికంగా నిర్ధారణ అవుతోంది" అన్నారాయన.

"ఆ మాత్రం నాకూ తెలుసయ్యా. మధ్యలో ఏముందో చెప్పు" అంది నాగేంద్రమ్మ.

ఏఈ గారు గోడ వైపు తిరిగారు. పై నుంచి కింది దాకా చదివారు. అప్రయత్నంగా టెస్టరు జేబులో పెట్టుకున్నారు.

"మధ్యలో... గౌరవనీయులు ఉన్నారు" అన్నారు.

కుక్కర్ కంపెనీ మనిషి కూడా వచ్చాడు. తలుపు తెరిచి మూసి, "మా యంత్రంలో ఏ లోపమూ లేదు మేడమ్. కరెంటు రాకపోతే పనిచేయకపోవడం కూడా దాని సక్రమమైన పనితీరే" అని చెప్పి, సంతృప్తిగా ఉన్నట్టు ప్రిన్సిపాల్ గారి చేత సంతకం పెట్టించుకుని పోయాడు.

జరిగిందేమిటో అందరికీ తెలుసు. గుమ్మం దగ్గర పడుకునే కుక్కకి కూడా తెలిసి ఉంటుంది. రెండు యంత్రాలు ఒకేసారి నడవడం వల్ల స్విచ్చి కిందికి పడిపోయింది. రాయి తీసి వేలితో ఒక్కసారి పైకి నొక్కితే మూడొందల మందికి అన్నం. కానీ డీడీ గారు ఫోన్లో స్పష్టంగా చెప్పారట. ఆవిష్కరించినవారి స్థాయికి తగ్గని వారి సమక్షంలో తప్ప, ఆవిష్కృతమైన ఫలకాన్ని కదిలించడానికి వీల్లేదు. అది రాయి కాదు, గౌరవం.

"మరి అన్నం?" అని ప్రిన్సిపాల్ గారు అడిగారట.

"యుద్ధప్రాతిపదికన పరిశీలిస్తాం" అన్నారట.

నాగేంద్రమ్మ పరిశీలన కోసం ఆగలేదు. పెరట్లో మూడు రాళ్లు పెట్టి, కట్టెలు పేర్చి, గుండిగ ఎక్కించింది. అన్నం ఉడుకు పట్టకముందే ఎవరో ఫోటో తీశారు. 'పొగరహిత ప్రాంగణంలో పొగ కనిపించుటకు గల కారణాలు తెలుపగలరు' అని ఆమెకి మెమో వచ్చింది. దాన్ని నా చేత చదివించుకుని, "కారణం నిప్పని రాయి" అంది నాగేంద్రమ్మ. తర్వాత నన్ను ఎగాదిగా చూసి, "అసలు నీ నోటికి నీ కుట్టు మిషను మీదే నాలుగు కుట్లు ఎయ్యాల కోటిరత్నం. గ్యాసు మీద వండుకుంటన్నదాన్ని, నా పొయ్యి కాస్తా ఊడగొట్టించావు" అంది.

పిల్లలకి అటుకులు నానబెట్టి పెడుతున్నారు. పొద్దున అటుకులు, అరటిపండు. మధ్యాహ్నం అటుకులు, మజ్జిగ. రాత్రి మొలకెత్తిన పెసలు, బన్ను. మా ఇందుకి ముందే రక్తం తక్కువ. పీహెచ్‌సీ డాక్టరమ్మ మాత్రలిచ్చి, వేడి అన్నం, ఆకుకూర, రోజూ గుడ్డు పెట్టమంది. ఆదివారం చూడబోతే పిల్ల మొహం సున్నం కొట్టినట్టు ఉంది. కళ్ల కింద గుంటలు.

"అమ్మా, రాత్రి అన్నం కలలోకి వచ్చిందే" అంది. "పొగలు కక్కుతా ఉంది. పప్పేసుకునే లోపల బెల్లు కొట్టేశారు."

మర్నాడే క్యారేజీ కట్టుకుని గేటు దగ్గరికి వెళ్లాను. వాచ్‌మన్ సుబ్బరాయుడు చేయి అడ్డం పెట్టాడు.

"బయట తిండి లోపలికి పోకూడదు అక్కా."

"నా బిడ్డకి నేను వండింది బయటి తిండేంది తమ్ముడూ?"

"నిరుడు మీటింగులో నువ్వే గదా అన్నావంట, బయట తిండి తిని పిల్లలకి వాంతులైతే ఎవరు దిక్కని. అప్పటి నుంచీ పెట్టారు ఈ రూలు. నీ రూలే ఇది." పాపం, మూత తీసి వాసన చూసి, "గోంగూర పప్పు బెమ్మాండంగా ఉందక్కా" అన్నాడు కూడా.

పిల్లని ఇంటికి తెచ్చుకుందామంటే సీటు పోతుంది. వరసగా కొన్నాళ్లు రాకపోతే పేరు కొట్టేసి, వెయిటింగులో ఉన్న పిల్లని చేర్చుకుంటారు. ఆ సీటు కోసం ఇందు పరీక్ష రాస్తుంటే నేను గేటు బయట నిలబడి, పెన్ను ఆగిపోతుందేమో, లోపల ఫ్యాను ఊడి పడుతుందేమో అని సగం చచ్చాను. వదులుకోలేను. ఉంచలేను.

ఈలోగా డీడీ గారు మళ్లీ వచ్చారు. వస్తూ ఒక బ్యానరు తెచ్చారు. 'నిప్పు తాకని ఆహారం, నిండైన ఆరోగ్యం'. తల్లుల కమిటీ తరఫున నన్నూ పిలిపించి, పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టి ఉపన్యసించారు.

"వండటం వల్ల విటమిన్లు నశిస్తాయని శాస్త్రం ఘోషిస్తోంది. రాష్ట్రంలో ఎన్నో పాఠశాలల్లో నిత్యం వంట జరుగుతోంది, నిత్యం విటమిన్లు పోతున్నాయి. ఈ పాఠశాలలో గత కొద్దికాలంగా ఒక్క విటమిన్ కూడా పోలేదని సగర్వంగా మనవి చేస్తున్నాను."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్యలో ఏడో తరగతి వరసలో ఒక పిల్ల మెల్లగా కూర్చుని, కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయింది. మా ఇందు.

నేను పరుగెత్తి ఒళ్లో పడుకోబెట్టుకున్నాను. నీళ్లు చల్లాను. డీడీ గారు కూడా దయగా వంగి చూశారు.

"ఎండ దెబ్బ" అన్నారు.

"ఆకలి దెబ్బండీ" అన్నాను.

"ఆ శీర్షిక కింద మాకు కేసులు లేవమ్మా" అన్నారు.

అయినా పిల్ల పడిపోయిందన్న మాట పైదాకా వెళ్లింది. అంతరాయాన్ని మూలాలతో సహా పరిష్కరించమని ఆదేశం వచ్చింది. దాంతో వంటశాలలోనే 'పాకశాల విద్యుత్ పరికరాలలో సప్లై అంతరాయాలు: గుర్తింపు, నివారణ' అని శిక్షణ తరగతి పెట్టారు. జిల్లాలో ఉన్న వంటవాళ్లందరూ వచ్చారు. కమిటీ సభ్యురాలిగా నేనూ వెళ్లాను. శిక్షకుడు తెర కట్టి బొమ్మలు చూపించాడు.

"మొదటి మెట్టు. ప్లగ్గు సరిగా కూర్చుందా? చూడండి." అందరం చూశాం. కూర్చుంది.

"రెండో మెట్టు. తీగ ఎక్కడైనా తెగిందా, కాలిందా?" లేదు.

"మూడో మెట్టు. ఒకే లైను మీద ఎక్కువ లోడు పడిందా?" పడింది. నాగేంద్రమ్మ తల వంచుకుంది.

"అలాంటప్పుడు నాలుగో మెట్టు. స్విచ్చిల పెట్టె తెరిచి..." అంటూ ఆయన చేత్తో గోడ వైపు చూపించాడు. చేయి గాల్లోనే ఆగింది. వంటవాళ్లందరూ ఆ చేయి చూపిన వైపు తిరిగారు. నల్లరాయి మీద బంగారు అక్షరాలు మెరుస్తున్నాయి.

"ఇక్కడ టీ విరామం" అన్నాడాయన. టీ హోటల్ నుంచి వచ్చింది. విరామం తర్వాత ఐదో మెట్టు నుంచి మొదలుపెట్టాడు. 'ట్రిప్ స్విచ్చి పైకి నొక్కిన పిమ్మట పరికరం పనిచేయుటను గమనించి ఆనందించవలెను.'

తర్వాత ఏఈ గారికి ఒక ఆలోచన వచ్చింది. రాయి తీయకుండానే రాయికి రంధ్రం పెట్టి, సన్నటి కడ్డీ దూర్చి స్విచ్చిని పైకి నెట్టవచ్చు. చిటికెన వేలంత రంధ్రం. డీడీ గారు సూత్రప్రాయంగా అంగీకరించారు. టేపు పెట్టి కొలిచారు. స్విచ్చి ఉన్న చోటికి సరిగ్గా ఎదురుగా అమాత్యుల పేరు ఉంది. అందులోనూ ఇంటిపేరు.

"కాస్త కిందికి వేస్తే?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

కిందికి వేస్తే రెండో పేరు మీద పడుతుంది. ఈ సంగతి ఎలా పొక్కిందో, ఆ రెండో పేరు గల పెద్దమనిషి తాలూకు మనుషులు జీపులో దిగారు. "అంటే మావోడి పేరు చిల్లుకి పనికొచ్చేదా? పదకొండు పేర్లుంటే మీకు మావోడే దొరికాడా?" అని నిలదీశారు. వాళ్లని సముదాయించి పంపేసరికి మూడో పేరు వాళ్లు వచ్చారు. వాళ్ల బాధ వేరే. రెండో పేరు మీద రంధ్రం పెట్టి తమ పేరు వదిలేస్తే, తమది రంధ్రానికి కూడా కొరగాని పేరని ఊళ్లో అనుకుంటారట.

"నా పేరుకి పెట్టండి సార్" అన్నాను నేను. "మొత్తం పోయినా నాకేం పర్లేదు."

డీడీ గారు చాలా బాధపడ్డారు. "మీ త్యాగం శ్లాఘనీయం అమ్మా. కానీ మీ పేరు బాగా కింద ఉంది. దాని వెనక గోడ తప్ప ఏమీ లేదు."

ఇంతలో అమాత్యుల శాఖ మారిపోయింది. కొత్తవారు వచ్చారు. హమ్మయ్య, ఇక పాత రాయి తీసేస్తారని నాగేంద్రమ్మ కుక్కర్ ట్రేలు కూడా తోమి పెట్టుకుంది. డీడీ గారి ఆలోచన అది కాదు. పాత వారు ఈ శాఖలో లేకపోయినా ఉన్నారు కదా. రేపు మళ్లీ రావచ్చు కదా. తీస్తే ఆయనకి కోపం, ఉంచితే వీరికి కోపం. ఆలోచించి ఆలోచించి ఇంకో నల్లరాయి చేయించారు. కొత్త అమాత్యులు వచ్చి పొగలేని పాకశాలని పునఃప్రారంభిస్తారు. కొత్త ఫలకం ప్రోటోకాల్ ప్రకారం గుమ్మానికి కుడివైపే ఉండాలి కాబట్టి, పాత ఫలకం మీదే బిగిస్తారు.

"అప్పుడు స్విచ్చి రెండు రాళ్ల వెనక్కి పోతుంది కదా సార్?" అన్నారు ఏఈ గారు.

"అంతరాయానికి రెట్టింపు భద్రత" అన్నారు డీడీ గారు.

బిగించే ముందు రోజు వంటశాలలో ఆఖరి సమావేశం పెట్టారు. కొత్త రాయి ఎర్రగుడ్డ కప్పుకుని గోడకి ఆనుకుని ఉంది. దాని బోల్టులు పొడుగ్గా ఉన్నాయి, రెండు రాళ్లు దాటి గోడలోకి పోవాలి కాబట్టి. డీడీ గారు, ప్రిన్సిపాల్ గారు, ఏఈ గారు బల్ల చుట్టూ కూర్చున్నారు. నేను చివరి కుర్చీలో. నాగేంద్రమ్మ కుక్కర్‌కి ఆనుకుని నిలబడింది.

ఏఈ గారు గొంతు సవరించుకున్నారు. "సార్, ఈ రాయి ఎక్కితే ఇక ఎప్పటికీ కాదు. నియమాల్లో ఒక వెసులుబాటు చూశాను. పాత ఫలకాన్ని తొలగించడం వల్ల ఏ ప్రమాదమూ లేదని ఎవరైనా ఒకరు పూచీ పడితే, భద్రతా కారణాల కింద తాత్కాలికంగా తీయవచ్చు. స్విచ్చి వేసి, పెట్టెని పక్క గోడకి మార్చేస్తాను. గంట పని."

"అయితే మీరు పూచీ పడండి" అన్నారు డీడీ గారు.

"నాది కరెంటు వరకే సార్. రాయి నా పరిధి కాదు."

డీడీ గారు ప్రిన్సిపాల్ గారి వైపు చూశారు. ప్రిన్సిపాల్ గారు తిరగని ఫ్యాను వైపు చూశారు. చివరికి ముగ్గురి చూపులూ బల్ల చివర ఆగాయి.

"అవును. భయాల విషయంలో మన సంస్థకి కోటిరత్నం గారే ప్రమాణం" అన్నారు డీడీ గారు నెమ్మదిగా. "గ్యాసు, ఫలకం, బయటి ఆహారం, అన్నిటికీ ఆమె మాట మీదే చర్యలు తీసుకున్నాం. ఆమెకి లేని భయం శాఖకి ఉండనక్కర్లేదు. చెప్పండమ్మా. రాయి తీస్తే ఏమైనా అవుతుందంటారా?"

నేను నోరు తెరిచాను. ఆయన నాకు సాయపడ్డారు.

"తొందరేం లేదు. ఆలోచించండి. తీసేటప్పుడు జారి ఎవరి కాళ్ల మీదైనా పడవచ్చు. వెనక తీగలు బయటపడి షాకు కొట్టవచ్చు. గోడ బీటలు వారవచ్చు. రాయి పగిలిందంటే ఆ పెద్దలు ఊరుకోరు. పూచీ పడినవారిదే బాధ్యత అవుతుంది. మీ అమ్మాయి ఇక్కడే చదువుతోంది. సీటు అవీ..." ఆయన వాక్యం పూర్తి చేయలేదు. "ఇందులో ఏ ఒక్క భయం ఉన్నా చెప్పండి. రేపు కొత్త ఫలకం బిగించేస్తాం, ఎవరికీ ఇబ్బంది ఉండదు."

ఆయన చెప్పినవన్నీ నాకు ఉన్నాయి. ఆయన చెప్పనివి ఇంకా ఉన్నాయి. తీగల్లోంచి నిప్పురవ్వ లేస్తే? ఏఈ గారు ఆ కుర్రతనంలో తొందరపడి చేయి పెడితే? ఆయనకి కూడా ఇంటి దగ్గర అమ్మ ఉంటుంది. జీపులో వాళ్లు మా ఇంటికి వస్తే? మా ఆయనకి బీపీ. ఇందుని గేటు బయటికి పంపేస్తే, ట్రంకుపెట్టె తల మీద పెట్టుకుని ఆ పిల్ల నడిచి వస్తుంటే? ఒక్కొక్కటే వచ్చి నాలుక చివర నిలబడుతోంది. ఏది ముందు అనాలో తెలియడం లేదు.

బయట మధ్యాహ్నం గంట కొట్టారు. పిల్లలు పళ్లేలు పట్టుకుని వరసగా వచ్చారు. అటుకుల బేసిన్ గుమ్మం పక్కనే ఉంది. ఇందు తన వంతు రాగానే పళ్లెం చాపి పెట్టించుకుంది. నన్ను చూసింది. నవ్వింది. ఆ పళ్లెం బరువు కూడా ఒక చేత్తో మోయలేకపోయింది. రెండో చేయి కూడా ఆనించి పట్టుకుని గోడకి చేరబడింది.

డీడీ గారు పెన్ను మూత తీసి పట్టుకున్నారు. ఏఈ గారు బల్ల మీద గోటితో గీస్తున్నారు. నాగేంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొత్త రాయి మీది ఎర్రగుడ్డ గాలికి ఒకసారి లేచి మళ్లీ పడింది. ప్రిన్సిపాల్ గారు దగ్గారు. చూసి చూసి డీడీ గారు పెన్ను మూత పెట్టేయబోయారు.

"ఏమీ కాదండీ," అన్నాను. "తీసేయండి."